ఇనోకే మాస్టారి చావుచాప

మా దీవిలో సవుసవు టౌను చుట్టుపక్కల ఎవరు కొత్తగా కొట్టు తెరిచినా ఇనోకే మాస్టారు చంకలో చావుచాప పెట్టుకుని వచ్చేవారు. నేను కల్పించి చెప్తున్న మాట కాదిది. మాలో ఎవరైనా పోతే ఆ ఇంటికి చాప తీసుకెళ్ళి, పరిచి, దాని మీద కూర్చుని నాలుగు మాటలు చెప్పి వస్తాం. సరిగ్గా ఆ చాపే. కుచ్చులన్నీ ఊడిపోయి, చుట్టిన చోట నల్లబడి, చూడగానే గుండె జారిపోయేలా ఉండేది.

బేకరీ తెరిచిన రోజు నేనక్కడే ఉన్నాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు, రిబ్బను కోశారు, అందరికీ తలా ఒక బన్ను పెట్టారు. మాస్టారు బన్ను తింటూ ఓనరు వెనకాల బారులు తీరిన జనాన్ని చూశారు.

“వీళ్ళంతా మీవాళ్ళేనా?”

“అంతా మావాళ్ళే మాస్టారూ! నూట నలభై మంది!” అన్నాడు ఓనరు ఛాతీ విరుచుకుని.

“అయితే ఆగస్టు.”

“ఆగస్టులో ఏంటి మాస్టారూ?”

“ఏం లేదు. బన్ను బాగుంది.”

బేకరీ జూలైలోనే మూతపడింది. మాస్టారు చాలా నొచ్చుకున్నారు. “ఒక్క నెల తప్పాను. వాళ్ళ చిన్నాన్న కుటుంబం న్యూజీలాండు నుంచి సెలవులకి వస్తోందని నాకెవరూ చెప్పలేదు” అన్నారు.

ఆయన కంటపడకుండా కొట్టు తెరవాలని జనం నానా తిప్పలూ పడేవాళ్ళు. ఒకావిడ కుట్టు దుకాణం తెరిచే తేదీ సొంత మొగుడికి కూడా చెప్పకుండా దాచిపెట్టి, తెల్లారకుండా తాళం తియ్యబోతే, మెట్టు మీద మాస్టారు కూర్చుని ఉన్నారు. నడుముకి లుంగీలా చుట్టిన నల్ల సులు, తెల్ల చొక్కా, మెడలో నల్ల టై, ఒళ్ళో చాప. ఆవిడ పెట్టిన కేకకి రేవులో పడవలవాళ్ళు కూడా లేచారట.

ఇంతకీ ఆయన ఉద్యోగం ఏమిటంటే, మాలాంటివాళ్ళకి చిన్న వ్యాపారం ఎలా పెట్టాలో, ఎలా నడపాలో నేర్పడం. ప్రభుత్వం పెట్టిన మూడు నెలల కోర్సు, చర్చి హాల్లో జరిగేది. రాజధాని సువా నుంచి మెరిసే అట్ట ఉన్న పుస్తకాలు కూడా వచ్చాయి. అట్ట మీద టై కట్టుకున్నవాడొకడు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటాడు. ఆ పుస్తకాన్ని మాస్టారు కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవారు. పుస్తకంలో మొదటి పాఠం ప్రణాళిక. మాస్టారి మొదటి పాఠం పరామర్శ.

పన్నెండు మందిమి ఆయన వెనక వీధిలో నడిచేవాళ్ళం. మూసేసిన కొట్టు కనిపిస్తే చాలు, ఆగి టోపీ తీసేవారు. మేమూ తలలు దించేవాళ్ళం.

“ఇది ఐస్‌క్రీం కొట్టు. పుట్టింది క్రిస్మస్‌కి, పోయింది ఈస్టర్‌కి. పసిగుడ్డు. దేనివల్ల పోయిందో చెప్పండి.”

“కరెంటు పోయి ఐసంతా కరిగిపోయిందేమో మాస్టారూ.”

“కరగడానికి మిగిలితే కదా నాయనా! ఓనరుకి అక్కచెల్లెళ్ళు ఏడుగురు. ఒక్కొక్కరికి ఆరేసిమంది పిల్లలు. రాసుకోండి. మృతికి కారణం, మేనమామ కావడం.”

ఒక నిమిషం మౌనం. అది ముగిసి మేం కదలబోతుండగా పక్కనున్న సైకిళ్ళ రిపేరువాడు చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “మాస్టారూ, మీకు పుణ్యముంటుంది, నా కొట్టు ముందు మాత్రం టోపీ తియ్యకండి. అది ఇంకా బతికే ఉంది!”

మాస్టారు లోపలికి తొంగిచూశారు. “ఆ మూల కూర్చుని టీ తాగుతున్నదెవరు?”

“మా తోడల్లుడండీ.”

“ఊఁ” అని మాస్టారు టోపీ సగం తీసి మళ్ళీ పెట్టుకున్నారు. పాపం వాడికి ఆ పూట అన్నం సయించలేదట.

మాలో కెరెకెరె అని ఒక పద్ధతుంది. అయినవాళ్ళు వచ్చి ఆ మాట అంటే ఇంట్లో ఉన్నది ఇవ్వాలి. అది ముష్టి కాదు, అప్పూ కాదు. ఇవాళ నాకు నువ్వు, రేపు నీకు నేను. లేదన్నవాణ్ణి మనిషి కింద లెక్కెయ్యరు. అందుకే మాస్టారు ‘లేదు’ అనడానికి విడిగా పరీక్ష పెట్టేవారు. ఇరవై మార్కులు. హాలు చివర బల్ల, బల్ల మీద చేపల డబ్బా, బల్ల వెనక మేము. మాస్టారు బయటికి వెళ్ళి, నెత్తిన తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, ఎవరో ముసలి అత్త అయిపోయి లోపలికొచ్చేవారు.

“నాయనా... మీ అమ్మకి నొప్పులొచ్చిన రోజు నీళ్ళు కాచింది నేనే... నాలుగు రోజులైంది నోట్లో చేపముక్క పడి...”

మా క్లాసులో ఒక రగ్బీ ఆటగాడుండేవాడు. గుమ్మంలో అడ్డంగా తప్ప పట్టడు. వాడు ఆ గొంతు వినగానే బావురుమని, డబ్బా చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టాడు. మాస్టారు తువ్వాలు తీసేసి, “సున్నా. నీ కొట్టు పోయింది. తర్వాత ఎవరు?” అన్నారు.

తర్వాత నేను. డబ్బా ఇచ్చాను. ఆ ముసలిగొంతు దగ్గితే మనసాగక, సంచిలోంచి నా మధ్యాహ్నం తిండి కూడా తీసిచ్చేశాను. ఉడికించిన కర్రపెండలం, కొబ్బరిపాలలో వండిన చేప. మాస్టారు బల్ల మీదే కూర్చుని ఆఖరి చుక్కదాకా తిని వేళ్ళు నాకారు.

“లవెనియా, ఇరవైకి సున్నా. నా సర్వీసులో కొట్టుతోపాటు వంటిల్లు కూడా ఇచ్చేసిన పిల్లని నిన్నే చూశాను.” రిజిస్టరులో పెద్ద సున్నా చుట్టారు. “వంట మాత్రం బాగుంది.”

నాకెందుకు ఆ మాట నోటికి రాదో చెప్పాలి. మా ఆయన తొమాసీ సముద్రపు జెర్రుల కోసం గాలి డబ్బా కట్టుకుని లోతుకి దూకేవాడు. సముద్రపు జెర్రులంటే చైనావాళ్ళు బంగారంలా కొనుక్కునే నల్లటి మెత్తటి జీవులు. ఒకరోజు పడవవాడు ఇంకా లోతుకి పొమ్మన్నాడు. అంత లోతు నుంచి మెల్లిగా రావాలి, తొమాసీ తొందరగా పైకొచ్చేశాడు. మొదటి రోజు కాళ్ళు చచ్చుబడ్డాయి. మూడో రోజు మనిషి పోయాడు. ముప్పై ఒక్కేళ్ళు.

నూరు రాత్రులు మా ఊరు నన్నూ నా ఇద్దరు పిల్లల్నీ సాకింది. అసినాతే అత్త నా పక్కనే పడుకునేది. మా తెగకి పెద్దదిక్కు ఆవిడే. మగవాళ్ళయినా సరే, ఆవిడ లేచి నిలబడితే కూర్చుంటారు. పెని బావ రోజూ కట్టెలు కొట్టి పడేసేవాడు. తొమాసీ పేరు మీద సముద్రంలో కొంతమేర రెల్లుకర్ర పాతి తంబు పెట్టారు. తంబు పెట్టిన చోట నూరు రాత్రులదాకా ఎవరూ వల వెయ్యకూడదు. ఆకలేసినా వెయ్యలేదు. అలాంటి చేతులు నా ముందుకొచ్చి ఒక సబ్బుబిళ్ళ అడిగితే ‘లేదు’ అని ఎలా అంటాను? మాట గొంతుదాకా వచ్చేది. ఆ చేతులు చూడగానే వెనక్కి పోయేది.

పడవవాడు నోరు మూయించడానికి కొంత డబ్బిచ్చాడు. దాంతో మా ఊరు నవాతులో కొట్టు పెట్టాను. అది నిలబడితే పిల్లలతో ఊళ్ళో ఉంటాను. పడిపోతే సువాలో బట్టల ఫ్యాక్టరీకి పోవాలి, పిల్లల్ని అత్త దగ్గర వదిలి. మా అమ్మ అలాగే వెళ్ళింది నన్ను అత్త దగ్గర వదిలి. ఇప్పటికీ రాలేదు.

తెరిచిన రోజు మాస్టారు రానే వచ్చారు, చాపతో సహా. అసినాతే అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“మాస్టారూ! మొగుడు పోయిన పిల్ల. ఏడాదైనా తిరక్కుండా దాని గుమ్మంలోకి మళ్ళీ చావుచాప మోసుకొస్తారా? మనిషేనా మీరు?”

“తప్పే అసినాతే. బయట పెడతాను” అని చాప గోడకి ఆనించి లోపలికొచ్చారు. పైకప్పు చూశారు. “రేకులు ఎవరు వేశారమ్మాయ్?”

“మా పెని బావా వాళ్ళ స్నేహితులూ.”

“కూలెంత?”

“కూలేంటి మాస్టారూ, అయినవాళ్ళు!”

మాస్టారు కళ్ళు మూసుకున్నారు. నాడి దొరకనప్పుడు డాక్టరు పెట్టే మొహం పెట్టారు. “నాలుగు నెలలు” అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. “మీ నోట ఒక్క మంచి మాట రాదా మాస్టారూ?”

ఆయన అది వినిపించుకోలేదు. వెళ్తూ వెళ్తూ, “సముద్రం వైపు నుంచి మీ ఇల్లు రెండోదా, మూడోదా?” అన్నారు.

“మూడోది. ఎందుకూ?”

“దారి గుర్తుకి.”

ఎక్కడ దొరికాడమ్మా ఈయన అనుకున్నాను.

మర్నాడు పొద్దున్నే పెని బావ వచ్చాడు. “మరదలా, ఒక సబ్బు పడెయ్యి.”

“డబ్బులు?”

“డబ్బులెందుకే పిచ్చిదానా? నీ సబ్బుతో స్నానం చేసి నీ కొట్టు ముందే నిలబడతా. నా అందం చూసి జనం ఎగబడి కొంటారు.”

“నీ అందం చూస్తే సబ్బు కంపెనీ మూసుకుంటారు బావా.”

ఇద్దరం నవ్వుకున్నాం. సబ్బు వెళ్ళిపోయింది. సాయంత్రం మూడు చేపలు తెచ్చి నా గుమ్మంలో పెట్టాడు. వాడి చెయ్యి ఎప్పుడూ ఉత్తిగా లేదు, ఆ మాట చెప్పకపోతే పాపం. కానీ ప్రేమతో తెచ్చిన చేపల్ని తిరిగి అమ్ముకోలేం. వండుకు తిన్నాం. రోజూ బాగానే తిన్నాం. కొట్టు మాత్రం చిక్కిపోతూ వచ్చింది.

రెండో నెలలో గుండె రాయి చేసుకుని బోర్డు రాశాను. ‘అప్పు ఇవ్వబడదు.’ అసినాతే అత్త కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చదివింది.

“మంచిపని చేశావే. ఈ అప్పులవాళ్ళ మూలానే కొట్లు నాశనమైపోతున్నాయి. సరేగానీ, రెండు కొవ్వొత్తులూ ఒక పాలడబ్బా ఇయ్యి.”

“అత్తా... బోర్డూ...”

“అప్పెవరడిగారే? అడిగింది మీ అత్త!”

మూడో నెలలో కొట్టు కిటికీ మూసేసి లోపల నక్కి కూర్చున్నాను. గంటలో సగం ఊరు ఇంటికొచ్చింది. పిల్లకి ఒంట్లో బాగాలేదని బెంగపెట్టుకున్నారట. సూపు తెచ్చారు. అది వేడిచెయ్యడానికి అగ్గిపెట్టె అడిగారు.

నాలుగో నెలలో సవుసవు నుంచి టోకు వ్యాపారి లారీ వచ్చి ఫ్రిజ్జు తీసుకెళ్ళిపోయింది. అరల్లో అరబస్తా ఉప్పు, ఒక్క చేపల డబ్బా మిగిలాయి. నేను తలుపేసి తాళం పెట్టాను. ఆ రోజు నుంచి నా ఇంటికి పురుగైనా రాలేదు. రోజూ సబ్బుకి వచ్చిన బావ చుట్టూ తిరిగి వేరే బాటలో పోయేవాడు. వాళ్ళకి నా మీద కోపమేమీ లేదు, నా మొహం చూడ్డానికి సిగ్గు. తొమాసీ పోయినప్పుడు ఇల్లు పట్టనంత జనం. వాడి ప్రాణం ఖరీదుతో పెట్టిన కొట్టు పోతే పలకరించే దిక్కు లేదు.

శుక్రవారం పడవకి టిక్కెట్టు కొన్నాను. అత్తకి ‘వెళ్ళొస్తా’ అని మాత్రమే చెప్పాను. నా పెద్ద కూతురు మూట కట్టడం చూసి, “సువా వెళ్తే ఎన్ని రాత్రులకి వస్తావమ్మా?” అంది. నేను మూట ముడి గట్టిగా బిగించాను.

గురువారం మిట్టమధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, బస్సు దిగి మాస్టారు నడిచొచ్చారు. నల్ల సులు, నల్ల టై, చంకలో చాప. దారి అడక్కుండా నేరుగా మూడో ఇంటికొచ్చారు. చావింట్లోకి వచ్చినట్టే నడుం వంచి గుమ్మం దాటి, చాప పరిచి, దాని మీద మఠం వేసుకుని, మూడుసార్లు దోసిలితో చప్పట్లు కొట్టారు. తల దించుకుని, పెద్దమనిషి పోయినప్పుడు మాట్లాడే గొంతుతో అన్నారు. “ఈ ఇంటికి తీరని లోటు కలిగింది. కొట్టు పోయింది. చిన్న వయసు. నేను తెచ్చింది చిన్న చాప, చెప్పగలిగింది చిన్న మాట. మీ దుఃఖంలో నన్ను కూడా కూర్చోనివ్వండి.”

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఏడుపు తన్నుకొచ్చింది. తాళం వేసిన రోజు కూడా ఏడవలేదు నేను. ఆయన ఊరుకోమనలేదు. నేను ఏడ్చినంతసేపూ తల దించుకునే కూర్చున్నారు.

చివరికి, “పడవెప్పుడు?” అన్నారు.

“రేపు పొద్దున.”

“హమ్మయ్య!” టై వదులు చేసుకుని మొహం తుడుచుకున్నారు. “జన్మలో మొదటిసారి పడవకంటే ముందొచ్చాను.”

“నా పడవతో మీకేం పని మాస్టారూ?” అన్నాను.

“ఇరవై రెండేళ్ళ కింద ఇదే తీరంలో నాకూ ఒక కొట్టుండేది అమ్మాయ్. అలాగే పోయింది. ఒక్కడు రాలేదు. మొహం చెల్లక పడవెక్కాను. తొమ్మిదేళ్ళు సువాలో పరాయివాళ్ళ కొట్లకి కాపలా కాశాను. మా అమ్మ పోయిన కబురు నాకు అందేసరికి పూడ్చిపెట్టేశారు. ఆ రోజు ఎవరైనా ఒక్కరొచ్చి చాప పరిచి కూర్చునుంటే నేను వెళ్ళేవాణ్ణి కాదు.” ఆయన చాప అంచు సవరించారు. “తిరిగొచ్చాక పన్నెండు కొట్లకి పరామర్శకెళ్ళాను. పన్నెండుసార్లూ పడవ వెళ్ళిపోయింది. తాళంకప్పకి సానుభూతి చెప్పి తిరిగొచ్చేవాణ్ణి.”

“అందుకా తెరిచిన రోజే...”

“ఇల్లు చూసిపెట్టుకోవద్దూ? దారి వెతుక్కుంటూ ఆలస్యం అయిపోతే?”

“మరి నాలుగు నెలలని ఎందుకన్నారు?”

“ఆ వారం వేరే పని పెట్టుకోకూడదు కదమ్మాయ్!”

ఈ మనిషినా నేను నాలుగు నెలలుగా తిట్టుకున్నది! నాకు తలెత్తి ఆయన్ని చూడ్డానికి సిగ్గేసింది. ఆయనకి అదేమీ పట్టలేదు. “ఇప్పుడు గట్టిగా ఏడువు” అన్నారు.

“ఇందాకట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాగా!”

“అది నీ కోసం. ఇది ఊరికి వినపడాలి.”

ఎత్తుకున్నాను రాగం. చావింటి ఏడుపంటే మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. తోటలోంచి గొడ్డలి పట్టుకునే పెని బావ పరుగెత్తుకొచ్చాడు. గుమ్మంలో చావుచాప, దాని మీద నల్లబట్టల్లో మాస్టారు.

“అయ్యో! చావా?” అన్నాడు.

“చావే. ఊరందరికీ చెప్పు” అన్నారు మాస్టారు. ఎవరు పోయారని కూడా అడక్కుండా బావ వీధి వెంట పడ్డాడు.

గంటలో ఊరు ఊరంతా దిగింది. చాపలు, కిరసనాయిలు టిన్నులు, చేమదుంపల మోపులు, గుడ్డ తానులు, అందరం కలిసి కూర్చుని నూరి తాగే యంగోనా వేళ్ళ కట్టలు. అసినాతే అత్త మాలో చావింటికి ఇచ్చే అన్నిటికంటే పెద్ద మర్యాద, తిమింగలం పన్ను, రెండు చేతుల్లో పట్టుకుని గుండెలవిసేలా ఏడుస్తూ వచ్చింది. నా పిల్లల్ని చూసింది. ఒకటి, రెండు. నన్ను చూసింది. ఏడుపాపింది.

“అందరూ ఉన్నారుగా! పోయిందెవరే?”

“కొట్టు అత్తా” అన్నాను.

ఇల్లంతా గప్‌చుప్. వెనక వరసలో ఒక ముసలాయనకి మాత్రం ఏడుపు ఆగలేదు. ఆయనకి చెవుడు.

“కొట్టుకి పరామర్శా!” అత్త మొహం ఎర్రబడింది. “మాస్టారూ, మీకు మతి చెడింది. నలుగురూ వింటే నవ్వరూ?”

“నవ్వనీ అసినాతే.” మాస్టారు కదల్లేదు. “తొమాసీ ప్రాణం పోతే వచ్చిన డబ్బుతో పెట్టిన కొట్టిది. వాడు మళ్ళీ పోయాడు. మొదటిసారి అందరూ వచ్చారు. రెండోసారి ఎవరూ రాలేదేం? చంపాలని ఎవరూ చంపలేదు, నాకు తెలుసు. తలా ఒక చిన్న ముక్క తీసుకున్నారు, అంతే. రేపు పొద్దున ఈ పిల్ల సువా పడవెక్కుతోంది. ఫ్యాక్టరీకి. పిల్లలిక్కడే ఉంటారు.”

బావ తల దించుకున్నాడు. వాడి దగ్గర నా సబ్బు వాసన వస్తూనే ఉంది.

అత్త నావైపు తిరిగింది. “వెళ్ళొస్తా అన్నావు నాతో.”

నేను మూలనున్న మూటవైపు చూశాను.

“మీ అమ్మా ఇట్లాగే వెళ్ళొస్తా అంది. ఇదే గుమ్మంలో నిలబడి. ఇరవై ఆరేళ్ళయింది.” ఆవిడ తిమింగలం పన్ను మాస్టారి ముందు చాప మీద పెట్టింది. బయటికెళ్ళి, ఒక రెల్లుకర్ర విరిచి, కొబ్బరాకు ముడేసి, కొట్టు గుమ్మం పక్కన భూమిలోకి దిగ్గొట్టింది.

“తంబు” అంది. “నూరు రాత్రులు. కొనుక్కోవచ్చు. అడగడానికి లేదు. అడిగిన నోరు నాదైనా సరే, దానికి యంగోనా చుక్క దక్కదు.”

బావ తల గోక్కుంటూ మెల్లిగా, “మరి తెచ్చిన సామాన్లూ... చావింట్లో అందరం పంచుకోవాలి కదా?” అన్నాడు.

“పోయింది కొట్టు. దాని పేరు మీద వచ్చినవి దానివే” అన్నారు మాస్టారు. “లే, అరల్లో సర్దు. కిరసనాయిలు కింద పెట్టు. గుడ్డ పైన.”

శుక్రవారం పడవ నేను లేకుండానే వెళ్ళింది.

ఆ నూరు రోజులూ మా ఊరు పడ్డ అవస్థ చెప్పనలవి కాదు. పెని బావ జీవితంలో మొదటిసారి సబ్బు కొన్నాడు. నాణెం బల్ల మీద పెట్టి వేలు తియ్యడు. “వదులు బావా” అంటే, “దీనికి నా మీద బెంగే” అన్నాడు. తర్వాత వాడి చేపలు గుమ్మంలో పెట్టడం మానేసి తూకం వేసి నాకు అమ్మడం మొదలుపెట్టాడు. వాడి చేపలు బస్సెక్కి సవుసవు చేరాయి. అత్త ఒక సాయంత్రం వచ్చి నోరు తెరిచింది, రెల్లుకర్రని చూసి మూసుకుంది, ఆ పూట చీకట్లోనే వంట చేసుకుంది. మర్నాడు తను అల్లిన చాప ఒకటి తెచ్చి కొట్లో అమ్మకానికి పెట్టి, వచ్చిన డబ్బుతో కొవ్వొత్తులు కొనుక్కుని, రాణీగారిలా నడిచి వెళ్ళింది.

మాస్టారు ప్రతి శనివారం పరామర్శకొచ్చేవారు. కొట్లో పరిచిన తన చాప మీద కూర్చునేవారు. పరామర్శకొచ్చినవాడు నవ్వకూడదు కదా, అందుకని నిండుతున్న అరల్ని చూసి కళ్ళొత్తుకునేవారు. “అయ్యో, డబ్బాలు మూడు వరసలయ్యాయా... ఫ్రిజ్జు కూడా తిరిగొచ్చిందీ? ఎంత ఘోరం జరిగిపోయిందమ్మా!” కొనడానికొచ్చినవాళ్ళు నవ్వాపుకోలేక వీధిలోకి పరుగెత్తేవాళ్ళు.

నూట ఒకటో రోజు పంది కాల్చి తంబు తీశారు. అత్త రెల్లుకర్ర పీకేసింది. ఊరంతా కొట్టు ముందే నిలబడింది. ఒక్కడూ కదలడు. మళ్ళీ అడగొచ్చు. ఎవరు ముందు అడుగుతారు? అత్త అడిగితే ఏం చెప్పాలి? బావ అడిగితే?

జనం వెనక నుంచి దగ్గు వినిపించింది. నెత్తిన తువ్వాలు కప్పుకుని, నడుం వంచి, ఎవరో ముసలమ్మ ఒక్కో అడుగే వేస్తూ నా బల్ల దగ్గరికొచ్చింది. తువ్వాలు కింద నల్ల టై.

“అమ్మాయ్... నీ కొట్టు పోయినప్పుడు చాప పరిచింది నేనే... నువ్వు ఏడ్చినంతసేపూ నీ ఎదురుగా కూర్చున్నది నేనే... నీకు లేదనే నోరెలా వస్తుంది తల్లీ? ఒక్క చేపల డబ్బా... కెరెకెరె...”

ఈసారి ఆ ముసలమ్మ చెప్పిందాంట్లో అబద్ధమేమీ లేదు. నా కళ్ళు నిండిపోయాయి. డబ్బా నా చేతికి అందేంత దూరంలోనే ఉంది. అత్త గుడ్లప్పగించి చూస్తోంది.

“లేదు” అన్నాను.

నేను లేదన్నా ఆకాశం విరిగి మీద పడలేదు. అత్త మొహం కూడా మాడలేదు. “విన్నావుగా, లేదంట. అవతలికి జరుగు, నేను ఉప్పు కొనుక్కోవాలి” అని ముసలమ్మని మోచేత్తో నెట్టి డబ్బులు బల్ల మీద పెట్టింది.

మాస్టారు తువ్వాలు తీసి, సంచిలోంచి పాత రిజిస్టరు బయటికి లాగి, నా పేరు పక్కనున్న పెద్ద సున్నా కొట్టేశారు.

“ఎన్ని మాస్టారూ?”

“ఇరవైకి పదకొండు. గొంతు వణికింది.”

నేను ఇంట్లోకి పోయి గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాను. కర్రపెండలం, కొబ్బరిపాలలో వండిన చేప. “ఇది కొట్లోది కాదు, వంటింట్లోది” అన్నాను.

ఆయన గిన్నెవైపు చూసి, నావైపు చూసి, పదకొండు కొట్టేసి పద్దెనిమిది వేశారు. అప్పుడు మొదలుపెట్టారు తినడం.

తిన్నాక చాప దులిపి చుట్టడం మొదలుపెట్టారు. అది లేకపోతే కొట్లో నేల బోసిగా కనిపించింది. “మాస్టారూ, ఆ చాప నాకిచ్చెయ్యకూడదూ? కెరెకెరె అడుగుతున్నా” అన్నాను.

“లేదు” అన్నారు మాస్టారు. గొంతు కాస్తయినా వణకలేదు. “రేపు సవుసవులో ఒకడు క్షౌరశాల తెరుస్తున్నాడు. వాడికి తమ్ముళ్ళు తొమ్మిదిమంది, అందరికీ ఒత్తుజుట్టే.” చాప చంకలో పెట్టుకుని టోపీ పెట్టుకున్నారు. బస్సుదాకా సాగనంపడానికి బావ ఆయన వెంట నడిచాడు. వీధి మలుపు తిరిగేదాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. “నువ్వు చెప్పు పెనీ, నేనైతే మార్చి అనుకుంటున్నాను.”